అని, బోల్కే, ఒక ఆకుకూర కట్ట

ఫస్టియర్‌లో నేనొక వెధవ పని చేశాను. అదేంటో ముందు చెప్తే గానీ ఈ వ్యాసం ఎందుకు రాస్తున్నానో మీకు అర్థం కాదు.

మాది శ్రీకాకుళం జిల్లా, టెక్కలి పక్కన ఊరు. హాస్టల్లో నాకు దొరికిన రూమ్మేటు వికారాబాద్ వాడు. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు. వాడికి నా భాష వచ్చు, నాకు వాడి భాష రాదు. అయినా నాకొక ధీమా ఉండేది. హిందీ ప్రచార సభ వాళ్ళ ప్రాథమిక, మధ్యమ, రాష్ట్రభాష పరీక్షలు మూడూ పాసయ్యాను కదా, హిందీ నాకు తెలిసినట్టు ఇక్కడెవరికీ తెలీదని. ఫ్రెషర్స్ డే రిహార్సల్లో వాడు మైకు పట్టుకుని, చీఫ్ గెస్ట్ సంగతి చెప్తూ "సర్ కల్ ఆతుఁ బోల్కే బోలే" అన్నాడు. నేను ఊరుకోకుండా కింద నుంచి గట్టిగా, "బోల్కే బోలే ఏంట్రా? సర్ నే కహా కి... అనాలి" అని దిద్దాను. అరవై మంది నవ్వారు. వాడూ నవ్వాడు. ఆ రోజు నుంచి నాతో ఇంగ్లిష్‌లోనే మాట్లాడేవాడు. ఒకే గదిలో, రెండు మంచాల మధ్య మూడడుగుల దూరంలో, "డిడ్ యూ టేక్ మై చార్జర్?" అని. ఒక సెమిస్టర్ మొత్తం అలాగే గడిచింది.

ఇందులో ఇంకో సిగ్గుచేటు విషయం ఉంది. అదే ఏడాది నన్ను "ఏటి సేస్తన్నావు" అని వెక్కిరించని వాళ్ళు మా ఫ్లోర్‌లో లేరు. నా యాస మీద నవ్వితే ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. తెలిసీ చేశాను. నా యాస మీద పడే నవ్వుని ఇంకొకడి మీదకి తోసేస్తే నేను తప్పించుకోవచ్చనుకున్నానేమో, ఇప్పుడు ఆలోచిస్తే అలాగే అనిపిస్తోంది.

సెకండియర్‌లో హ్యుమానిటీస్ ఎలెక్టివ్ తీసుకున్నాను. నిజం చెప్పాలంటే మార్కులు ఈజీగా పడతాయని తీసుకున్నాను. మేడమ్ తలా ఒక పరిశోధన పత్రం ఇచ్చి పదిహేను నిమిషాలు ప్రెజెంట్ చేయమన్నారు. నాకు వచ్చింది కుప్వార్. అప్పటివరకూ ఆ ఊరి పేరు కూడా వినలేదు.

కుప్వార్ మహారాష్ట్రలో సాంగ్లి జిల్లాలో, కర్ణాటక సరిహద్దుకి దగ్గరగా ఉన్న పల్లె. జాన్ గంపెర్జ్, రాబర్ట్ విల్సన్ అనే ఇద్దరు పరిశోధకులు దాని గురించి 1971లో ఒక వ్యాసం అచ్చువేశారు. అప్పటికి ఊరి జనాభా మూడు వేల చిల్లర. అంతే. మన కాలేజీలో ఉన్నంత మంది కూడా లేరు. కానీ భాషలు మాత్రం నాలుగు. భూములున్న జైనులు ఇంట్లో కన్నడం మాట్లాడతారు. భూములున్న ముస్లింలు ఉర్దూ మాట్లాడతారు. కూలి పనులు చేసుకునే దళితుల భాష మరాఠీ. నాలుగో భాష ఏదో చెప్పుకోండి చూద్దాం? తెలుగు. తాళ్ళు పేనే కుటుంబాలు కొన్ని అక్కడ తెలుగు మాట్లాడేవి. (ఆ పత్రంలో విశ్లేషణ అంతా ప్రధానంగా మిగతా మూడు భాషల మీదే నడిచింది. మనోళ్ళ మాటలు ఎలా ఉండేవో చూద్దామని పేజీలన్నీ తిప్పి నిరాశపడ్డాను.)

ఈ భాషలన్నీ అక్కడ నిన్నా మొన్నా కలిసినవి కావు. కన్నడం, మరాఠీ వందల ఏళ్ళుగా పక్కపక్కనే ఉన్నాయి, ఉర్దూ వచ్చి కూడా మూడు నాలుగు శతాబ్దాలైంది. పొలంలో, సంతలో, బావి దగ్గర అందరూ అందరితో మాట్లాడాల్సిందే. ఊళ్ళో మగవాళ్ళలో చాలామందికి ఒకటికి మించి భాషలు వచ్చు. ఇంత కాలం ఇంత దగ్గరగా ఉంటే భాషలకి ఏమవుతుంది? ఒకటి మిగతావాటిని మింగేస్తుందని గానీ, అన్నీ కలిసి కిచిడీ అయిపోతాయని గానీ మనం అనుకుంటాం. నేనూ అదే అనుకున్నాను. అక్కడ రెండూ జరగలేదు.

ఆ పత్రంలో ఒక వాక్యం ఉంది, ఆకుకూర కోసి తెచ్చానని చెప్పే మామూలు వాక్యం. కుప్వార్ ఉర్దూలో అది ఇలా ఉంటుంది: పాలా జరా కాట్ కే లే కే ఆయా. కుప్వార్ మరాఠీలో: పాలా జరా కాపూన్ ఘేఊన్ ఆలో. కుప్వార్ కన్నడంలో: తాపలా జరా ఖోడి తగొండి బయ్న్.

ఇప్పుడు దీన్ని తెలుగులోకి మార్చండి. ఆకుకూర కొంచెం కోసి తీసుకుని వచ్చాను. చూశారా? ఆకుకూర, కొంచెం, కోసి, తీసుకుని, వచ్చాను. మాటకి మాట, అదే వరస. మూడు వాక్యాల్లోనూ ఒక్క మాట కూడా చోటు మారలేదు. ఒక భాషలో వాక్యం కట్టడం వచ్చినవాడు మిగతా రెండింటిలోనూ మాటలు మారిస్తే చాలు. కంప్యూటర్ సైన్స్ వాళ్ళకి చెప్పాలంటే, ఫ్రెండ్ రాసిన ప్రోగ్రామ్ కాపీ కొట్టి వేరియబుల్స్ పేర్లు మాత్రం మార్చి సబ్మిట్ చేస్తాం కదా, సరిగ్గా అలాంటిదే. పైకి మూడు వేర్వేరు ల్యాబ్ రికార్డులు. లోపల లాజిక్ ఒక్కటే.

మూడింటిలోనూ ఉన్న ఆ "జర" గమనించారా? "జర ఆగు", "జర చెప్పు" అని మన మెస్‌లో రోజూ వినిపించే జర అదే. ఎక్కడి సాంగ్లి, ఎక్కడి వికారాబాద్!

వరస ఒక్కటే కాదు, వ్యాకరణం లోపలి చక్రాలు కూడా మారాయి. హిందీ నేర్చుకున్న ప్రతి తెలుగువాడికీ లింగం దగ్గర చుక్కలు కనిపిస్తాయి. కుర్చీ స్త్రీలింగమట, ఫ్యాను పుంలింగమట. ఎందుకో ఎవరూ చెప్పరు, బట్టీ కొట్టడమే. మరాఠీలోనైతే ఇంకో లింగం ఎక్కువ, మొత్తం మూడు. కన్నడానికి ఆ బాధ లేదు. మగమనిషి అయితే ఒకటి, ఆడమనిషి అయితే ఒకటి, కుర్చీ బల్ల చెట్టు పుట్ట అన్నీ మూడోది. కుప్వార్‌లో మరాఠీ తన లెక్క వదిలేసి కన్నడం లెక్కకి వచ్చేసింది. అక్కడి ఉర్దూలో నదికి వరదొస్తే "నదీ ఆయా" అంటారు. పుస్తకం హిందీ ప్రకారం "నదీ ఆయీ" అనాలి. నాలాంటి రాష్ట్రభాష పాసైనవాడు ఆ ఊరెళ్తే దిద్దడం మొదలుపెట్టేవాడే.

మార్పు ఒకవైపే జరిగిందనుకోకండి, కన్నడం కూడా మారింది. "ఇది మా ఇల్లు" అన్నామనుకోండి. ఇందులో క్రియ ఏదీ? లేదు. తెలుగుకీ కన్నడానికీ ఆ వాక్యంలో క్రియ అక్కర్లేదు. ఉర్దూకీ మరాఠీకీ చివర "హై", "ఆహే" కావాలి. కుప్వార్ కన్నడం వాళ్ళని చూసి చివర ఒక "ఎతి" తగిలించడం నేర్చుకుంది. మూడింటిలో ఎక్కువగా మారింది మాత్రం ఉర్దూ. తక్కువ మారింది మరాఠీ, అది అందరికీ కూడలి భాష కాబట్టి.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. లోపల అంతా ఒక్కటైపోయినప్పుడు మాటలు మాత్రం ఎందుకు విడిగా ఉన్నాయి? "కోసి"కి ముగ్గురూ ఒకే మాట వాడితే పనైపోయేది కదా. గంపెర్జ్, విల్సన్ దీనికి చెప్పిన జవాబు నాకు చాలా నచ్చింది. ఇంటికి వెళ్ళాక ఎవరి భాష వాళ్ళది. నేను ఎవరింటి వాణ్ణో, ఏ కులం, ఏ మతం వాణ్ణో చెప్పే గుర్తు అది. మాటలు బయటికి వినిపిస్తాయి కాబట్టి వాటిని కాపాడుకున్నారు. వాక్య నిర్మాణం ఎవరికీ వినిపించదు, ఎవరూ దాని మీద పట్టుదలకి పోరు. అందుకే అది ఎవరికీ తెలియకుండా, ఎవరి అనుమతీ లేకుండా కలిసిపోయింది. మాకూ వాళ్ళకీ పోలికే లేదని ఏ భాషలో చెప్పుకున్నా, చెప్పే వాక్యం కట్టు మాత్రం పక్కింటివాడిదే.

ప్రెజెంటేషన్‌కి స్లైడ్లు చేస్తుండగా రాత్రి పదకొండింటికి నాకు బుర్రలో లైటు వెలిగింది. వెలిగిన వెంటనే కడుపులో ఏదోలా అయింది.

"కల్ ఆతుఁ బోల్కే బోలే."

మాటకి మాట తెలుగు చేయండి. కల్ అంటే రేపు. ఆతుఁ అంటే వస్తా. బోల్కే అంటే "చెప్పి" లేదా "అని". బోలే అంటే అన్నారు. "రేపు వస్తా అని అన్నారు."

అది నా వాక్యం. టెక్కలిలో మా అమ్మమ్మ మాట్లాడే వాక్యం. మాటలు మాత్రమే ఉర్దూవి.

"అని" గురించి కాస్త నిలబడి చూడాలి, ఎందుకంటే మనం రోజుకి వందసార్లు వాడతాం గానీ దాని మొహం ఎప్పుడూ చూడం. అది "అను" అనే క్రియ నుంచి వచ్చింది. వచ్చి, చేసి, తిని లాగే అని. అంటే, చెప్పి. "వస్తానని అన్నాడు" అంటే అక్షరాలా "వస్తాను, చెప్పి, చెప్పాడు". ఒకే పని రెండుసార్లు! అయినా మనకి అది వింతగా అనిపించదు. పైగా నోటితో ఏమీ అననప్పుడు కూడా అదే వాడతాం. "వానొస్తుందని గొడుగు తెచ్చా." ఇక్కడ ఎవరూ ఏమీ అనలేదు, అది కారణం. దక్కనీ ఉర్దూ అచ్చం ఇదే చేస్తుంది: "బారిష్ ఆతీ బోల్కే ఛత్రీ లాయా." తమిళంలో "ఎన్ఱు", కన్నడంలో "ఎందు", అన్నీ ఈ కుటుంబమే. ద్రావిడ భాషల మధ్య వందల ఏళ్ళు బతికిన ఉర్దూ, ఇక్కడి అచ్చులో తన లోహం పోసుకుంది. మాట తనది, మూస మనది.

ఉత్తరాది హిందీ ఇలా చేయదు. "ఉస్‌నే కహా కి మై కల్ ఆఊంగా." ముందు అన్నాడని చెప్పి, "కి" అనే తలుపు తీసి, అప్పుడు ఏమన్నాడో చెప్తుంది. మనం ముందు సరుకు చూపించి తర్వాత ఇది ఫలానావాడి మాట అని ముద్ర వేస్తాం. రెండూ పనిచేస్తాయి. ఒకటి ఒప్పు, ఇంకొకటి తప్పు కావు.

అన్నిటికంటే పెద్ద దెబ్బ ఇంకా చెప్పలేదు. నేను అంత ధీమాగా దిద్దిన ఆ "కి" ఉంది చూడండి, అది ఫార్సీ నుంచి హిందీలోకి వచ్చింది. అంటే ఢిల్లీ వైపు భాష ఫార్సీతో కాపురం చేసి ఒక వాక్యం కట్టు నేర్చుకుంది, దక్కన్ వైపు భాష తెలుగు, కన్నడం, మరాఠీలతో కాపురం చేసి ఇంకో కట్టు నేర్చుకుంది. ఒక ఎరువుని శుద్ధమనీ, ఇంకో ఎరువుని తప్పనీ నేను అరవై మంది ముందు తీర్పు చెప్పాను!

దక్కనీ ఇక్కడికి ఎలా వచ్చిందో నాలుగు ముక్కల్లో చెప్తాను. 1327లో మహమ్మద్ బిన్ తుగ్లక్ దౌలతాబాద్‌ని రాజధాని చేసి ఢిల్లీ నుంచి జనాన్ని తరలించాడు. 1347లో బహమనీ రాజ్యం విడిగా ఏర్పడింది. సైనికులతో, సూఫీలతో, వర్తకులతో వచ్చిన ఉత్తరాది మాటలు ఇక్కడే ఉండిపోయి, ఢిల్లీతో సంబంధం తగ్గి, చుట్టుపక్కల భాషలతో సంబంధం పెరిగింది. తర్వాత గోల్కొండలో కుతుబ్‌షాహీలు 1518 నుంచి 1687 దాకా ఏలారు. 1591లో హైదరాబాద్ కట్టించిన మహమ్మద్ కులీ స్వయంగా దక్కనీలో కవిత్వం రాశాడు.

అతని తండ్రి ఇబ్రహీం కుతుబ్‌షా కథ మాత్రం తొందరగా దాటేయడానికి మనసొప్పలేదు. అన్న చేతిలో ప్రాణభయంతో కుర్రవయసులో పారిపోయి విజయనగరంలో తలదాచుకున్నాడు. దాదాపు ఏడేళ్ళు అక్కడే అళియ రామరాయల నీడలో ఉన్నాడు. తెలుగు బాగా పట్టుబడింది. 1550లో గోల్కొండ గద్దెనెక్కాక తెలుగు కవులని ఆదరించాడు. మనవాళ్ళు ఇబ్రహీం అనే పేరుని కూడా వదల్లేదు, "మల్కిభరాముడు" అని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానాన్ని అతనికే అంకితమిచ్చాడు. ఆ కాలంలోనే పటాన్‌చెరు ప్రాంతపు అధికారి అమీన్‌ఖాన్‌కి పొన్నెగంటి తెలగన యయాతి చరిత్ర అంకితమిచ్చాడు. సంస్కృత పదం లేకుండా రాసిన మొదటి అచ్చతెలుగు కావ్యమని దానికి పేరు. అచ్చతెలుగులో మొదటి కావ్యం అందుకున్నవాడి పేరు అమీన్‌ఖాన్! భాష శుద్ధత గురించి ఎవరైనా మొదలుపెట్టినప్పుడల్లా నాకు ఈ పేరు గుర్తొస్తుంది.

కానీ కథ ఇక్కడితో ఆపేస్తే అబద్ధమవుతుంది. 1565లో దక్కన్ సుల్తానులు కూటమి కట్టి విజయనగరం మీదకి వెళ్ళినప్పుడు ఆ కూటమిలో ఇబ్రహీం కూడా ఉన్నాడు. తనకి ఏడేళ్ళు ఆశ్రయమిచ్చిన రామరాయలు ఆ యుద్ధంలోనే చనిపోయాడు. భాష తెలుసు, మనుషులు తెలుసు, తిండి తెలుసు, కవిత్వం తెలుసు. అయినా యుద్ధానికి వెళ్ళాడు. ఒకర్నొకరు అర్థం చేసుకోవడం వేరు, ఒకరి పక్షాన నిలబడడం వేరు అన్నమాట.

కుప్వార్‌లో కూడా ఇలాంటి చేదు ఒకటి ఉంది. మొదటిసారి చదివినప్పుడు నేను గమనించలేదు, ప్రెజెంటేషన్ తర్వాత మేడమ్ అడిగిన ప్రశ్నకి నీళ్ళు నమిలాక వెనక్కెళ్ళి చూశాను. "అంత కలిసిపోయారు కదా, మరి అక్కడ ఎవరి పొలంలో ఎవరు పనిచేస్తున్నారు?" అని అడిగారామె. భూములు జైనులవి, ముస్లింలవి. పనిచేసేది మరాఠీ మాట్లాడే దళితులు. వాక్యాలు కలిసినంత మాత్రాన ఇళ్ళు కలవలేదు, అంతస్తులు కదల్లేదు. అందరి మధ్య మరాఠీ ఎందుకు నడిచిందంటే, అది గొడవలేని భాష అట. యజమాని తన ఇంటి భాషలో కూలివాణ్ణి పలకరిస్తే, నువ్వు నా ఇంటివాడివి అన్నట్టవుతుంది. అలా అనడం ఇష్టం లేదు. పని మాత్రం కావాలి. కాబట్టి మధ్యస్థంగా మరాఠీ. రోజూ మాట్లాడుకోవడానికి, మాట్లాడుకుంటూ కూడా దూరంగా ఉండడానికి, రెండింటికీ ఏర్పాటు అన్నమాట.

నా రూమ్మేటు నాతో ఇంగ్లిష్‌లోకి ఎందుకు మారాడో నాకు అప్పుడు అర్థమైంది. అది కూడా అలాంటి ఏర్పాటే. చార్జర్ కావాలి, నేను అక్కర్లేదు.

గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1954లో రాసిన ఒక పుస్తకంలో దీని గురించి సూటిగా చెప్పాడు. వేర్వేరు గుంపుల మనుషుల్ని ఒకచోట పడేసినంత మాత్రాన దురభిప్రాయాలు పోవు, పోవాలంటే కొన్ని షరతులుండాలి అంటాడు. ఇద్దరూ సమాన హోదాలో ఉండాలి, ఇద్దరికీ కావాల్సిన ఒక లక్ష్యం ఉండాలి, దానికోసం పోటీపడకుండా కలిసి పనిచేయాలి, పైనున్న వ్యవస్థ దాన్ని సమర్థించాలి. ఇది చదివాక మన హాస్టల్ని ఒకసారి ఊహించుకున్నాను. శ్రీకాకుళం, వికారాబాద్, అనంతపురం, భీమవరం, అందరం ఒకే మెస్‌లో తింటాం. అయినా ఇంగ్లిష్ మీడియం వాళ్ళు ఒక మెట్టు పైన, "సినిమా తెలుగు" మాట్లాడేవాళ్ళు తర్వాతి మెట్టు, యాస ఉన్నవాళ్ళం కింద. ఏళ్ళ తరబడి మన సినిమాల్లో రౌడీకి ఒక యాస, పనివాడికి ఒక యాస పెట్టి హీరోకి మాత్రం ఏ యాసా లేకుండా చూసుకున్నారు. మనమేమో అదే మెట్ల వరస ఫ్లోర్ దాకా మోసుకొచ్చాం. సమాన హోదా అనే మొదటి షరతే ఇక్కడ ఫెయిలు.

ప్రెజెంటేషన్ అయిన వారంలో రూమ్మేటుకి ఈ సంగతి చెప్పాను. క్షమాపణ చెప్పడం నాకు చేతకాదు, అందుకే నోట్‌బుక్ తీసి రెండు వాక్యాలు ఒకదాని కింద ఒకటి రాశాను. పైన "కల్ ఆతుఁ బోల్కే బోలే", కింద "రేపు వస్తా అని అన్నారు". మాటకీ మాటకీ మధ్య గీతలు గీశాను. గీతలన్నీ నిలువుగా, ఒక్కటి కూడా అడ్డం పడకుండా వచ్చాయి. తర్వాత "కి" ఫార్సీదని కూడా చెప్పాను. వాడు కాసేపు కాగితం వైపే చూసి, చాలా కాలం తర్వాత తెలుగులో మాట్లాడాడు.

"అయితే తప్పు నాదే బోల్కే ఒప్పుకుంటున్నావా?"

ఆ "బోల్కే" కావాలనే వేశాడు.

అంతటితో అంతా బాగైపోయిందని అనను. నెలకి పైగా ఏదో మొహమాటంగానే గడిచింది. నిజంగా మార్చింది థర్డియర్ మినీ ప్రాజెక్ట్. లాటరీలో ఒకే బ్యాచ్‌లో పడ్డాం. లైన్ ఫాలోయర్ రోబో, గీత మీద తప్ప మిగతా అన్నిచోట్లా నడిచేది. రాత్రి రెండింటికి వాడు సోల్డరింగ్ చేస్తుంటే నేను టార్చి పట్టుకోవడం, సెన్సర్ కాలిపోతే ఇద్దరం ఒకర్నొకరు ఎవరి భాషలో వాళ్ళం తిట్టుకోవడం. కుప్వార్‌లో బావి దగ్గర కూడా ఇలాంటివే జరిగుంటాయి. మనుషులు సంస్కృతి గురించి ఉపన్యాసాలిచ్చుకుంటూ వాక్యాలు కలుపుకుని ఉండరు. ఆకుకూర కోసి తెచ్చావా, తాడు పేనావా, నీళ్ళు తోడావా అని అడుక్కుంటూ కలుపుకుని ఉంటారు. మన ఫెస్ట్‌లో ఏటా జరిగే "ట్రెడిషనల్ డే" మీద నాకు పెద్ద నమ్మకం లేకపోవడానికి కారణం ఇదే. పంచె కట్టుకుని, షేర్వాణీ వేసుకుని పక్కపక్కన ఫొటో దిగితే తెలిసేది బట్టల గురించే.

ఒక హెచ్చరిక, నాలాగా ఉత్సాహపడే వాళ్ళ కోసం. ఈ పిచ్చి పట్టాక నాకు ప్రతిదీ తెలుగు నుంచి వచ్చినట్టే కనిపించింది. దక్కనీలో "మేరేకు" అంటారు, తెలుగులో "నాకు" అంటాం, ఆ "కు" మనదే అని గంతులేశాను. మేడమ్ ఆపారు. ఉత్తరాది పాత మాండలికాల్లోనూ దానికి దగ్గరి రూపాలున్నాయి, కాబట్టి పోలిక చూసి పుట్టుక తేల్చకూడదన్నారు. రెండు సిగ్నల్స్ ఒకేలా కనిపిస్తే ఒకదాన్నించే ఇంకోటి వచ్చిందని కాదుగా. "బోల్కే" విషయంలో ఆ భయం తక్కువ, ఎందుకంటే అక్కడ పోలింది శబ్దం కాదు, ఒక క్రియని తీసుకొచ్చి అన్ని రకాల పనులకీ వాడే పద్ధతి మొత్తం.

చివరగా ఒక చిన్న మాట గురించి చెప్పాలి. తెలుగులో మనకి "మేము", "మనం" అని రెండున్నాయి. "మేము సినిమాకెళ్తున్నాం" అంటే నువ్వు రావట్లేదని. "మనం వెళ్దాం" అంటే నువ్వూ ఉన్నావని. పుస్తకం హిందీలో రెండింటికీ "హమ్" ఒక్కటే, విన్నవాడు తను అందులో ఉన్నాడో లేడో వేరే రకంగా కనుక్కోవాలి. మరాఠీలో, గుజరాతీలో రెండు విడివిడిగా ఉన్నాయి, అది ద్రావిడ భాషల సావాసం వల్లేనని చాలామంది భాషావేత్తలు అనుకుంటారు. తమాషా ఏంటంటే మన పక్కింటి కన్నడం ఈ తేడాని పోగొట్టుకుంది, ఇప్పుడు రెండింటికీ "నావు". దక్కనీ మాత్రం తెచ్చుకుంది. మేము అంటే "హమ్", మనం అంటే "అప్పన్".

ఇది తెలిశాక నేను చెవులు రిక్కించుకుని వినడం మొదలుపెట్టాను. వాడు ఫోన్లో వాళ్ళమ్మతో మాట్లాడేటప్పుడు ఏది వాడుతున్నాడు, వాళ్ళ ఊరి ఫ్రెండ్స్‌తో ఏది వాడుతున్నాడు అని. నాతో మాట్లాడితే ఎప్పుడూ "హమ్ లోగాఁ జారై", మేం వెళ్తున్నాం, అంతే. తలుపు దగ్గర చెప్పి వెళ్ళిపోయేవాడు.

పోయిన సెమ్ ఆఖరి ల్యాబ్ వైవా రోజు, రోబో ఎట్టకేలకి గీత మీద పన్నెండు సెకన్లు నడిచింది. ఎక్స్‌టర్నల్ సంతకం పెట్టి వెళ్ళిపోయాక వైర్లు చుట్టి డబ్బాలో పెడుతున్నాను. వాడు బ్యాగు భుజాన వేసుకుని తలుపు దాకా వెళ్ళి ఆగాడు.

"చల్ రే, అప్పన్ ఛాయ్ కు జాయేంగే."

"వస్తన్నా," అన్నాను, నా యాసలోనే.